నల్లా ఉన్న బతుకమ్మ

ఒక సద్దుల బతుకమ్మ నాడు శామీర్‌పేట చెరువులో చేపలన్నీ సీతాఫలం పాలు తాగాయి. తాగి, మత్తుగా గట్టు పక్కనే పడుకున్నాయి. ఆ వారమంతా అక్కడ పట్టిన చేపను పులుసు పెడితే ఇలాచి వాసన వచ్చింది.

సరే, చేపలన్నీ అనడం కాస్త ఎక్కువే. గట్టు వైపు తిరిగేవి మాత్రమే తాగాయి. పులుసు సంగతి కూడా ఒక్క ఇంట్లో విన్నదే. ఆ ఇల్లాలు మసాలా డబ్బాలో పొరపాటున చెయ్యి పెట్టి ఉండవచ్చు. చెరువులో పాలు కలిసిన మాట మాత్రం నిజం. కలిపిన మనిషి గౌడవెల్లి సుందరమ్మ.

మేడ్చల్ దాటి గౌడవెల్లి దారిలో ఎవరినైనా ఆపి సుందరమ్మ ఇల్లెక్కడని అడిగితే, ముందు ఆమె వండే బగారా అన్నం గురించి చెప్పి, తర్వాత ఇల్లు చూపిస్తారు. వయసులో ఉన్నప్పుడు ఆమె యాప్రాల్‌లో ఒక మిలిటరీ ఆఫీసరు ఇంట్లో వంట చేసింది. ఆ ఇంట్లో కూర ఎలా ఉన్నా బల్ల మాత్రం పెళ్లికూతురిలా ఉండేది. గుడ్డ ముడత పడకూడదు, గ్లాసు మీద వేలిముద్ర ఉండకూడదు, పువ్వు ఎంత మంచిదైనా ఎదుటి మనిషి ముఖానికి అడ్డం రాకూడదు. సుందరమ్మ ఆ విద్యను పట్టుకొచ్చి ఊరి చర్చిలో పెట్టింది. ఏటా కోత పండుగకు సంఘం వాళ్లంతా తొలి పంట తెచ్చి దేవుడి ముందు పెడతారు. వడ్లు, మక్క కంకులు, సొరకాయలు, ఒక్కోసారి కాళ్లు కట్టిన కోడిపుంజు. వాటి వేలం అయ్యాక అందరూ కలిసి భోంచేస్తారు. దాన్ని ప్రేమ విందు అంటారు. ఆ విందు బల్ల సుందరమ్మది. బల్ల బాగా కుదిరిందో లేదో తేల్చడానికి ఆమెకు ఒకటే గుర్తు: లోపలికి తొంగిచూసిన మనిషి బయట చెప్పులు జతగా విడవాలి. చెల్లాచెదురుగా విసిరి వచ్చాడంటే బల్లలో ఏదో లోటున్నట్టే.

ఆ ఏడు కోత పండుగ, సద్దుల బతుకమ్మ ఒకే ఆదివారం పడ్డాయి. దానికంటే పెద్ద చిక్కు ఇంట్లోనే మొదలైంది. కొడుకు జోయెల్ మేడ్చల్ దగ్గర ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, సంఘ కమిటీకి కార్యదర్శి. కమిటీ కూర్చున్న రోజు తల్లి ముందే చెప్పేశాడు.

"అమ్మా, గీసారి క్యాటరింగోళ్లకు ఇద్దాం. ప్లేట్లు వాళ్లే తెస్తరు, వాళ్లే తీస్కపోతరు. అందరు నిలబడి తిని పోతరు."

"నిలబడి తినేటందుకు మనమేమన్న బస్సు కోసం ఆగినమారా?"

కమిటీలో పెద్దవాడు జక్కయ్య సర్దిచెప్పబోయాడు. "పోరడు నీ మోకాళ్ల గురించే చెప్తున్నడు, సుందరమ్మా."

"నా మోకాళ్లు నీకొచ్చి ఏమన్న చెప్పుకున్నయా అన్నా?"

అందరూ నవ్వారు గాని జోయెల్ నవ్వలేదు. క్యాటరింగ్ వాళ్ల కార్డు చొక్కా జేబులోంచి సగం బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టాడు. ఆ కార్డును సుందరమ్మ చూసింది. కొడుకుది కోపం కాదని ఆమెకు తెలుసు. కిందటేడు విందు అయ్యాక ఆమె గిన్నెల మధ్యే కూర్చుండిపోతే, లేపి ఇంటికి తీసుకుపోయింది వాడే. కాని ఆ బల్ల పోతే తను ఆదివారం వచ్చి, కూర్చుని, వెళ్లిపోయే మనిషైపోతుంది. అది మోకాళ్ల నొప్పి కంటే పెద్ద నొప్పి.

"గీ ఏడు నాకిడువుండ్రి," అంది. "ఒక్కటంటే ఒక్క తప్పు పట్టుండ్రి. దొరికితె వచ్చే ఏడు సంది క్యాటరింగోళ్లనే పిలువుండ్రి. నేను గూడ పళ్లెం పట్టుకోని లైన్ల నిలబడ్త."

"మాట మీదుంటవా?" అన్నాడు జోయెల్.

"నేను నీకు అమ్మనా, నువ్వు నాకా?"

ఆ క్షణం నుంచి సుందరమ్మ బుర్ర పొయ్యి మీద పాలలా పొంగుతూనే ఉంది. వంటల గురించి ఆమెకు బెంగ లేదు. బగారా అన్నం, కోడికూర, గుమ్మడికాయ పులుసు, మక్క గారెలు చెయ్యి దానంతట అదే చేస్తుంది. బల్ల మీద పరచడానికి అరిటాకులు, అంచుల వెంట జొన్న కంకులు, మూలమూలకో పచ్చ గుమ్మడికాయ, దాని మెడలో బంతి దండ. ఇదంతా ప్రతి ఏడూ ఉండేదే. ఈసారి బల్ల నడుమ ఎవరూ ఎన్నడూ చూడనిది ఉండాలి.

ఆమె సీతాఫలం పాలు చేయాలనుకుంది. ఈ పాలు చేయడం తేలికే, చెడగొట్టడం అంతకంటే తేలిక. పాలు చిక్కబడేదాకా అడుగంటకుండా మరిగించాలి. చక్కెర కొంచెమే వేయాలి, ఇలాచి అంతకంటే తక్కువ. ఆ తర్వాత ఓపిక పట్టాలి. పాలు పూర్తిగా చల్లారాకే గుజ్జు కలపాలి. సీతాఫలానికి సెగ తగిలిందా, చేదెక్కి కూర్చుంటుంది. ఎంత చక్కెర పోసినా మాట వినదు. గింజలు తీయడానికి మిక్సీ పనికిరాదు. జల్లెడ మీద వేసి చేత్తోనే నలపాలి. కలిపిన పాలను అడుగున కుళాయి, అదే నల్లా, ఉన్న మట్టికుండలో పోసి తడిబట్ట చుడితే ఐసు అక్కర్లేదు.

కుండను ఊరికే బల్ల మీద పెడితే సుందరమ్మ ఎందుకవుతుంది? ఇత్తడి తాంబాళంలో కుండ పెట్టి, చుట్టూ గుమ్మడి ఆకులు పరచి, తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా పేర్చి, పైన గుమ్మడి పువ్వుతో మూసేస్తుంది. నల్లా ఒక పెద్ద బంతిపువ్వు వెనక దాక్కుంటుంది. పువ్వు పక్కకు జరిపి తిప్పితే పూలలోంచి పాలు వస్తాయి. తలచుకున్నప్పుడల్లా ఆమెకే ముచ్చటేసింది.

పూలు పేర్చడం ఆమెకు కొత్త కాదు. పక్కింటి జంగమ్మ, ఆమె కాపురానికొచ్చినప్పటి నుంచీ జోడు. ఇద్దరూ కలిసే పొలాల గట్ల మీద గునుగు కోసుకొస్తారు. సుందరమ్మ బతుకమ్మ ఆడదు గాని, జంగమ్మ బతుకమ్మను పేర్చేది మాత్రం ఆమే. వరస వంకర పోకుండా పేర్చే చెయ్యి ఊళ్లో ఆమెదే మరి. జంగమ్మ కూడా ఊరికే ఉండదు. పండుగనాడు నువ్వుల సద్ది, పెరుగు సద్ది, మలీద ముద్దలు అమ్మవారికి పెట్టక ముందే సుందరమ్మ వాటా వేరే తీసి ఉంచుతుంది. సుందరమ్మ కూడా కోడికూర ముట్టని గంటెతో అన్నం తీసి, మూతపెట్టి జంగమ్మకు పంపిస్తుంది. ఇది ఎవరూ నేర్పని ఏర్పాటు. ఎవరూ అడిగిందీ లేదు.

ఆ ఆదివారం పొద్దున సుందరమ్మ తన అరుగు మీద రెండూ పేర్చింది. జంగమ్మకొకటి, చర్చికొకటి. అవే పూలు, అదే చెయ్యి, మేడ్చల్ బజారులో ఇద్దరూ ఒకే రోజు కొన్న జోడు తాంబాళాలు. వాడిపోకుండా రెండింటి మీదా తడిబట్ట కప్పింది. మధ్యాహ్నం జంగమ్మ కొడుకు బాలేష్ ట్రాలీ ఆటో తెచ్చాడు. జంగమ్మ ఏటా బతుకమ్మను శామీర్‌పేటలో తల్లిగారింటికి తీసుకుపోయి, పసుపు గౌరమ్మను అక్కడ తల్లి చేతుల మీదుగా పెట్టించి, ఆ చెరువులోనే సాగనంపుతుంది.

"సుందరా, నాదేది?" అంది జంగమ్మ.

"గదే, గోడ దిక్కున్నది."

బాలేష్ లేపబోయి నడుము పట్టుకున్నాడు. "చిన్నమ్మా, గింత బరువేంది?"

"ఆకులు దట్టంగ కుక్కిన. వరస ఊడొద్దని."

"గిది గాదేమో, ఒకపారి బట్ట తీసి సూస్తే..."

"నా చేతి పని నాకు తెల్వదారా? దుమ్ము పడ్తది, బట్ట తీయకు. లేపు!"

బాలేష్ లేపాడు. ట్రాలీ వెళ్లిపోయింది. సుందరమ్మ రెండోదాన్ని తనే ఎత్తుకుని చర్చికి నడిచింది. తేలిగ్గానే ఉంది. ఉత్సాహంలో ఉన్న మనిషికి ఏదైనా తేలిగ్గానే ఉంటుంది.

చర్చిలో ఆ సాయంత్రం బల్ల చూసిన వాళ్లు మాటలు ఆపేశారు. కొత్త కాలనీ నుంచి పార్వతీదేవి కూడా వచ్చింది. గోదావరి జిల్లా మనిషి, భర్త ఉద్యోగం మీద ఇక్కడ స్థిరపడింది. సుందరమ్మ దగ్గర మక్క గారెలు నేర్చుకుందామని చాలాకాలంగా తిరుగుతోంది. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి చూసి, వెనక్కి వెళ్లి వాటిని జతగా పెట్టి వచ్చింది. సుందరమ్మ అది చూసి, చూడనట్టు కొంగు సర్దుకుంది.

"ఆ పూల మధ్య ఏముందండీ?" అని అడిగింది పార్వతీదేవి.

"జర ఆగుండ్రి. మీరే తాగి చెప్తరు."

అవతల పంటల వేలం ముగింపుకు వచ్చింది. నల్లా ఒకసారి తిప్పి చూద్దామని సుందరమ్మ పెద్ద బంతిపువ్వు వెనక వేలు పెట్టింది. ఆకు తగిలింది. ఇంకొంచెం లోపలికి పెట్టింది. ఇంకా ఆకే. మోచేతి దాకా పెట్టి చూసినా ఆకే.

చెయ్యి తీసి, జరిగిన బంతిపువ్వును మళ్లీ సర్దింది. గొంతు మామూలుగానే పెట్టి జోయెల్‌ను మూలకు పిలిచి, "బండి తియ్యి, శామీర్‌పేట పోవాలె," అంది.

"ఇప్పుడా? ఏమైంది?"

"నా కుండను జంగమ్మ నెత్తిన పెట్టి పంపిన."

జోయెల్ బల్ల నడుమ పూలను చూశాడు, తల్లిని చూశాడు. చెయ్యి జేబు మీదికి పోయింది. "అమ్మా, నువ్వే అన్నవ్. ఒక్క తప్పని."

"అన్న. అది దొరికినంక మాట్లాడు. ఇంక ఎవ్వలకు దొరకలే. తీస్తవా, నడుసుకుంట పోవాల్నా?"

పాస్టరు అయ్యగారు ప్రార్థన కోసం లేస్తుండగా సుందరమ్మ జక్కయ్య చెవిలో ఒక మాట వేసింది. "అన్నా, ఇయ్యాల ప్రార్థన నువ్వే చెయ్యి. ఎవ్వలు ఆపరు. మనసు నిండ చెయ్యి." జక్కయ్య ప్రార్థన పొడుగని ఊరంతా ఎరుగును. ఎన్నడూ ఎవరూ పూర్తి చేయనివ్వలేదు. ఆ మాట వినగానే ఆయన కళ్లు చెమర్చాయి. వానలతో మొదలుపెట్టి, పంటలు, పశువులు, రైలు గేటు, మేడ్చల్ డిపో డ్రైవర్లు, హైవే మీద లారీలు, ఒక్కొక్కరినీ పేరు పేరునా దేవుడికి అప్పగించాడు. తల్లీకొడుకులు తిరిగొచ్చేదాకా ఆ ప్రార్థన ఆగలేదని అంటారు. మధ్యలో దగ్గు వచ్చినప్పుడు పిల్లలు రెండు పాటలు పాడారన్నది కూడా నిజమే.

శామీర్‌పేట కట్ట మీద సుందరమ్మ బండి దిగేసరికి జనం గుంపుగా ఉన్నారు. పైన గౌరమ్మను కూర్చోబెట్టిన బతుకమ్మ నడుమ ఉంది. చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. జంగమ్మ తల్లి రుక్కమ్మ రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. ఆటో కుదుపుకు నల్లా వదులై బంతిపువ్వు కింద నుంచి తెల్లగా బొట్టు బొట్టు కారుతోంది.

"బతుకమ్మ పాలిస్తాంది!" అంటోంది రుక్కమ్మ. "నా పానం ఉండంగ గిట్లాంటిది సూస్తనుకోలే."

జంగమ్మ సుందరమ్మను చూసి, తిరుగుతూనే దగ్గరికి వచ్చి, పళ్ల మధ్య నుంచి అంది: "వచ్చినవా? నా భుజం మీద కారినప్పుడే ఇలాచి వాసనొచ్చింది. నీదని అప్పుడే ఎర్కయింది. నీల్లల్ల ఇడువకుంట ఆడిందే ఆడుతున్నం. పాటలు అయిపోయినయ్, కాళ్లు గూడ అయిపోయినయ్."

"జంగీ, నా కుండ నాకియ్యే."

రుక్కమ్మ విన్నది. "ఆడినంక ఎనకకు తీస్కపోవుడు ఏడన్న ఉన్నదా? గౌరమ్మ కూసున్నంక అది నీల్లల్లకే పోవాలె."

 ముసలామె మాటలో న్యాయం ఉంది. "నిజమే అవ్వా. పూలు నీయి, గౌరమ్మ నీది. కుండ నాది. పూలు వరస చెదరకుంట నీల్లల్లకు పోతె నీకు సమ్మతమేనా?"

"చెదిరిందో, నువ్వు ఇంటికి పోవు."

సుందరమ్మ మోకాళ్ల నొప్పి మరిచి మోకాలి లోతు నీళ్లలోకి దిగింది. పూల వరసలను పట్టి ఉంచిన దారం ఎక్కడ ముడివేసిందో ఆమెకే తెలుసు. తాంబాళాన్ని నీళ్ల మీద ఆనించి జంగమ్మ ఒక వైపు, ఇంకో ఇద్దరు ఇంకో వైపు పట్టుకున్నారు. రుక్కమ్మ గౌరమ్మను అరచేతిలోకి తీసుకుంది. సుందరమ్మ గుమ్మడి పువ్వు పక్కకు తీసి, కుండ మెడ పట్టి, చేతి నుంచి గాజు తీసినట్టు మెల్లగా పైకి లాగింది. పూల వరసలు గుండ్రంగా అలాగే నిలబడి నీళ్ల మీదికి జారాయి. రుక్కమ్మ గౌరమ్మను నడుమ కూర్చోబెట్టింది. కట్ట మీద అంతా చప్పట్లు కొట్టారు.

అప్పుడే, పక్కన నీళ్లలో దిగి కుండ అందుకున్న జోయెల్ బెల్టుకు నల్లా తగిలి పూర్తిగా తెరుచుకుంది. జోయెల్ వేలు అడ్డం పెట్టేసరికి సగం కుండ చెరువు పాలైంది. చేపల సంగతి పైన చెప్పిందే.

"పోనియ్," అంది రుక్కమ్మ తృప్తిగా. "గంగమ్మకు గూడ ముట్టింది."

జోయెల్ ప్యాంటు పిండుకుంటూ కుండలోకి చూశాడు. "సగమే ఉన్నయమ్మా. సంఘమంతటికి గుక్కెడు గూడ రావు. ఇగ అయిపోయింది."

అతని గొంతులో గెలిచిన సంతోషం లేదు. సుందరమ్మకు అదే ఎక్కువ తగిలింది. తల తిప్పింది. రుక్కమ్మ ఇంటి ముందు, కట్ట కింద, గంపల నిండా సీతాఫలాలు. ముసలామె గుట్టల్లో కోయించి రోడ్డు మీద అమ్ముతుంది.

"అవ్వా, మెత్తగయినయ్ ఒక గంప కావాలె."

"ఎందుకు?"

"తాగుడు గాదు, తినుడు చేస్త."

"తీస్కపో. నాకో గిన్నెడు పంపు, గంతే."

బాలేష్ ట్రాలీ మళ్లీ కదిలింది. వెనక సుందరమ్మ, జంగమ్మ, గంప, కుండ. ఆ వెనక తడిసిన జోయెల్ బండి మీద. ట్రాలీ ఊగుతుంటే ఇద్దరూ పండ్లను చేత్తో రెండు చెక్కలుగా విడదీసి, గుజ్జు కదలకుండా గింజలు మాత్రం ఏరి, చెక్కలను తాంబాళంలో పేర్చారు.

"బరువున్నదని బాలేషు చెప్పలే?" అంది జంగమ్మ.

"చెప్పిండు."

"నువ్వినలే."

"గింజలు తియ్యే, మాటలు తర్వాత."

వాళ్లు చర్చి వెనక తలుపు దగ్గర దిగేసరికి జక్కయ్య దేశంలోని వంతెనలన్నిటినీ దేవుడి చేతిలో పెడుతున్నాడు. ఆమెన్ అనేసరికి ప్రతి ఆకు మీద ఒక సీతాఫలం చెక్క ఉంది. దానిలో పండు గుజ్జు, గుజ్జు మీద చల్లటి చిక్కటి పాలు, పక్కన చెంచా. ఒక చెక్కకు గంటెడు పాలే పట్టాయి కాబట్టి సగం కుండ సరిపోగా ఇంకా కొంచెం మిగిలింది. రుక్కమ్మ గిన్నె కూడా నిండింది. బల్ల నడుమ మాత్రం జంగమ్మ కోసం పేర్చిన పూలు అలాగే ఉన్నాయి. జంగమ్మ వాటిని ఓరగా చూసింది. పక్కన కూర్చుని తన కోసం మూతపెట్టిన అన్నం తీసుకుంది.

పార్వతీదేవి చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "పండే గిన్నె! ఎలా తట్టిందండీ మీకు? మా దసరా పేరంటానికి ఇదే పెడతాను. ఎలా చేశారో చెప్పండి."

"పండు ఎక్కువ మెత్తగ ఉండొద్దు, చెక్క కూలిపోతది. చాకు పెట్టొద్దు. పాలు సల్లగుండాలె," అంది సుందరమ్మ. "నేను వారం సంది ఇదే ఆలోచన మీదున్న."

జంగమ్మకు పొలమారింది. సుందరమ్మ ఆమె వీపు మీద అవసరానికి మించి గట్టిగా తట్టింది.

భోజనాలయ్యాక జక్కయ్య కొంచెం ఆనందంతో, కొంచెం బొంగురుపోయిన గొంతుతో లేచాడు. "జోయెల్, నువ్వు కార్యదర్శివి. తప్పేమన్న కనిపిచ్చిందా? చెప్పు, వచ్చే ఏటి సంగతి ఇప్పుడే తేల్చుదాం. అవును, నీ ప్యాంటు ఎందుకు తడిసింది?"

అందరూ అటు చూశారు. సుందరమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. కొడుకు అబద్ధం చెప్పడు. ఆమే అలా పెంచింది, ఇప్పుడు అదే ఆమె మీదికి వచ్చింది.

జోయెల్ బల్లను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. "తప్పుంది," అన్నాడు. "బల్ల గీ దిక్కు ఊగుతున్నది." వంగి, జేబులోంచి క్యాటరింగ్ కార్డు తీసి, నాలుగు మడతలు పెట్టి, పొట్టిగా ఉన్న బల్లకాలి కింద దోపాడు. చేత్తో నొక్కి చూశాడు. "ఇగ ఊగది. వచ్చే ఏడు నేను ముందు రోజే సెలవు పెడ్త. బరువులు నేను లేపుత."

"లేపేటోని మాట నేను ఇంట," అంది సుందరమ్మ, మెల్లగా. అది ఎందుకన్నదో ఆమెకు, జంగమ్మకు, తలుపు దగ్గర నిలబడ్డ బాలేష్‌కు మాత్రమే అర్థమైంది.

ఆ శీతాకాలంలో కాలనీలో సగం ఇళ్ల బల్లల మీద సీతాఫలం చెక్కలు వెలిశాయి. వాటి పుట్టుక గురించి అడగడానికి నేను వెళ్లినప్పుడు సుందరమ్మ అరుగు మీద మక్కలు ఒలుస్తోంది. ఈ కథంతా చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"అంత అబద్ధం," అంది. "గా పొద్దు నేను శామీర్‌పేట పోనే లేదు. బండెక్కుడు నాకు చాతనే గాదు. కుండకు నల్లా ఎక్కడుంటది? జంగమ్మ అంటె ఎవ్వరో గూడ నాకు తెల్వది."

పక్కనే కూర్చుని అదే చేటలో మక్కలు ఒలుస్తున్న జంగమ్మ తలెత్తకుండానే అంది: "నాకు గూడ తెల్వది."